ఆసియా డెస్క్ ఉద్యోగమా, రొయ్యల ప్లాంటులో ఎగుమతి కాగితాల పనా?

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. ఒంగోలులో ఎంబీఏ అయింది. సింగరాయకొండ దగ్గర మీ నాన్నగారికి రొయ్యల గుంటలున్నాయి. చెన్నైలో ఒక వాణిజ్య మండలి (ఛాంబర్) ఆసియా దేశాల డెస్క్‌లో, అంటే ఆ దేశాలతో వ్యాపార వ్యవహారాలు చూసే విభాగంలో తీసుకుంటామంటోంది. నెల్లూరు దగ్గర ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతి డాక్యుమెంటేషన్ పని కూడా వచ్చింది, కానీ జీతం తక్కువ. ఏది పట్టుకోవాలి, మన జిల్లా సరుకును ఆసియా మార్కెట్లకు చేర్చే ఈ వృత్తిలో ఎదుగుదల ఉందా, చైనా భాష నేర్చుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్లాంటులో చేరండి. రెండు మూడేళ్లు అక్కడ పని నేర్చుకుని, అప్పుడు డెస్క్ వైపు రండి. ఎందుకో చెప్పాలంటే అసలు ఈ వృత్తి ఎలా నడుస్తుందో చెప్పాలి, అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

మాది కావలి. ఉద్యోగ జీవితమంతా ఈ పనిలోనే గడిచింది. మొదట చెన్నైలో ఒక వాణిజ్య మండలిలో, తర్వాత ఎగుమతిదారుల సంఘాల తరఫున జపాన్, చైనా, కొరియా, వియత్నాం వ్యవహారాలు చూశాను. ఈ మధ్యే రిటైరయ్యాను.

బయట నుంచి చూసేవాళ్లకు ఈ పనిలో విమానాలు, ఎగ్జిబిషన్ స్టాళ్లు, చేతులు కలుపుతున్న ఫొటోలు కనిపిస్తాయి. అవన్నీ ఏడాదిలో కొద్ది రోజులే. మిగతా రోజులన్నీ ఫోన్లలో, ఉత్తరాల్లో, చీమకుర్తి క్వారీల్లో, ప్లాంటు ల్యాబుల్లో గడుస్తాయి. కొనేవాడికి ఏం కావాలో, అమ్మేవాడి దగ్గర నిజంగా ఏముందో రెండూ తెలిసిన మనిషి మధ్యలో ఒకడుండాలి. ఆ మనిషి కమీషన్ ఏజెంటు అయితే ఆ లావాదేవీ వరకే ఆలోచిస్తాడు. మనం జిల్లా పేరు మీద మాట్లాడతాం. ఒక కంటైనర్ చెడిపోతే ఒక కంపెనీకి నష్టం. కానీ జపాన్‌లో కొనేవాడు ఆ కంపెనీ పేరు గుర్తుపెట్టుకోడు, ఇండియా సరుకు బాగాలేదంటాడు. ఆ మాట పక్క ప్లాంటు మీదా పడుతుంది, మీ నాన్నగారి గుంట మీదా పడుతుంది.

అందుకే నా దగ్గర పనిచేసిన పిల్లలందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. మొదటి ఆర్డర్ వచ్చిందని నాకు చెప్పకండి, రెండో ఆర్డర్ వచ్చినప్పుడు చెప్పండి. మొదటి ఆర్డర్ శాంపిల్ చూసి ఇస్తారు, ధర చూసి ఇస్తారు, ఒక్కోసారి మొహమాటానికి ఇస్తారు. రెండోది మాత్రం మొదటి సరుకు చేరాక, పెట్టెలు తెరిచి చూశాక, వాళ్ల కస్టమర్ తిన్నాక ఇస్తారు. ఈ వృత్తిలో మనిషి విలువ కట్టాల్సింది దాంతోనే.

రొయ్యల సంగతే తీసుకుందాం, మీకు బాగా దగ్గర కాబట్టి. మన దేశంలో వనామీ రకం రొయ్య పెంపకానికి 2009లో అనుమతి వచ్చాక మన తీరం ఎలా మారిపోయిందో మీరు పుట్టి పెరిగిన ఊళ్లోనే చూసుంటారు. ఆ తర్వాత మన సరుకుకు అమెరికా పెద్ద దిక్కయింది, ఈ మధ్య ఏళ్లలో రెండో స్థానం చైనాది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని ముందు 25 శాతం, నెలాఖరుకు 50 శాతం చేసింది. యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వైలింగ్ (ప్రభుత్వ సబ్సిడీ ఉందని వేసేది) సుంకాలు దానికి అదనం. గుంటల దగ్గర ధర పడిపోయింది, రైతులు టెన్షన్ పడ్డారు. అప్పుడు నాకు ఎన్ని ఫోన్లొచ్చాయో! అందరిదీ ఒకటే మాట: సార్, చైనాకి, జపాన్‌కి, కొరియాకి మళ్లించేద్దాం, ఎవరితో మాట్లాడాలి?

మాట్లాడటానికి మనుషులున్నారు. కానీ అమెరికా కోసం తయారైన సరుకును నౌక దారి మార్చి జపాన్‌కు పంపలేం. మీకు గుంట దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని అని తెలుసు. అమెరికా పెట్టె మీద 21/25 అని ఉంటే అది తల తీసిన రొయ్యలు ఒక పౌండుకి ఎన్ని తూగుతాయన్న లెక్క. వాళ్లకు ఎక్కువగా పొట్టు తీసి, విడివిడిగా గడ్డకట్టించిన సరుకు కావాలి. చైనా వాళ్లు తలతో సహా ఉన్న రొయ్య బాగా కొంటారు, ధర దగ్గర గట్టిగా బేరమాడతారు. వియత్నాం తన రొయ్య చాలనప్పుడు మన దగ్గర కొని, అక్కడ మళ్లీ ప్రాసెస్ చేసి తన పేరుతో ఎగుమతి చేస్తుంది. జపాన్‌లో తల తీసిన రొయ్యను 1.8 కిలోల బ్లాకుల్లో అడిగేవాళ్లున్నారు. టెంపురా వేపుడు కోసం రొయ్యను పొడవుగా సాగదీసి ట్రేలలో పేర్చి ఇమ్మనేవాళ్లూ ఉన్నారు. దాన్ని నొబాషి అంటారు. ఆ పనికి ఆడవాళ్లకు వేరే శిక్షణ ఇవ్వాలి, టేబుళ్లు మార్చాలి, ట్రేలు తెప్పించాలి. ఆ లైను వేసి, జపాన్ వాడి ఆడిట్ దాటి, శాంపిళ్లు పంపి, మొదటి కంటైనర్ వెళ్లేసరికి ఏడాది సులువుగా గడిచిపోతుంది. ఇది ముందే తెలిసినవాళ్లు అమెరికా ధర బాగున్న రోజుల్లోనే ఆ లైను వేసి పెట్టుకున్నారు. ధర పడ్డాక వాళ్లకు ఊపిరి ఆడింది.

మంచి రోజుల్లో రెండో మార్కెట్ వెతకమని చెప్పడం మన పని. వినేవాళ్లు తక్కువ. అయినా ఏటేటా చెప్పాలి.

జపాన్ విషయంలో ఇంకో సంగతి తెలుసుకోండి. ఆహారంలో మందుల అవశేషాల మీద వాళ్లు 2006లో కొత్త పద్ధతి తెచ్చారు. ఏ పదార్థానికైనా ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే 0.01 పీపీఎం అన్నదే దానికి పరిమితి. అంటే కిలోలో ఒక మిల్లీగ్రాములో నూరో వంతు. 2012లో ఎథాక్సీక్విన్ అనే పదార్థం కోసం మన రొయ్యలను పరీక్షించడం మొదలుపెట్టారు. రైతు ఆ మందు వాడలేదు, ప్లాంటు వాడలేదు. మేతలో వేసే చేప పొడి పాడవకుండా కలిపే యాంటీ ఆక్సిడెంట్ అది. మేత బస్తాలోంచి రొయ్యలోకి, రొయ్యలోంచి టోక్యో ల్యాబ్‌లోకి చేరింది. ఎక్స్‌పోర్టర్లు ఇది అన్యాయమని కోపం తెచ్చుకున్నారు. కోపంలో న్యాయం ఉంది, కానీ కోపంతో కంటైనర్ విడుదల కాదు.

అప్పుడు చేయాల్సిన పని రెండు వైపులా ఉంది. ఇక్కడ మేత కంపెనీలతో కూర్చుని ఏ చేప పొడిలో ఎంత ఉందో లెక్క తీయించాలి, పట్టుబడికి ముందు ఏ మేత వేయాలో రైతుకు చెప్పాలి. అక్కడ ఆ పరిమితికి శాస్త్రీయమైన ఆధారం ఎంతుందో పత్రాలతో అడగాలి. ప్రభుత్వం, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి బోర్డు ఎంపెడా, ఎగుమతిదారులు, మనలాగే దెబ్బతిన్న వియత్నాం కూడా అడిగాయి. 2014లో జపాన్ ఆ పరిమితిని 0.2 పీపీఎంకి పెంచింది, అంటే ఇరవై రెట్లు. ఈ వృత్తిలో నాకు బాగా తృప్తినిచ్చిన ఘట్టాల్లో అదొకటి. నా పాత్ర అందులో చిన్నదే, మన వైపు ప్లాంట్ల నుంచి వివరాలు సేకరించి పైకి పంపడం వరకే. కానీ ఓపికగా కాగితం మీద అడిగితే నియమం మారుతుందని కళ్లారా చూశాను.

చైనాది వేరే తీరు. 2020లో కోవిడ్ ఆనవాళ్లు ప్యాకింగ్ మీద దొరికాయని చెప్పి కొందరు ఎగుమతిదారుల సరుకు ఆపేశారు. 2022 జనవరి 1 నుంచి ఆహారం పంపే విదేశీ ప్లాంట్లన్నీ వాళ్ల కస్టమ్స్ శాఖ దగ్గర రిజిస్టర్ కావాలన్న 248వ నంబరు ఉత్తర్వు అమల్లోకొచ్చింది. పెట్టె మీద ప్లాంటు రిజిస్ట్రేషన్ నంబరు తప్పు పడితే చాలు, లోపల సరుకు ఎంత మంచిదైనా రేవులో ఆగిపోతుంది. ఆగిన ప్రతిరోజూ కరెంటు ఖర్చు, కంటైనర్ అద్దె ఎక్కుతూనే ఉంటాయి. ప్లాంటులో డాక్యుమెంటేషన్ చేసినవాడికి ఆ నంబరు ఎక్కడ పడుతుందో, హెల్త్ సర్టిఫికెట్‌లో ఏ గడిలో రాయాలో చేతి అలవాటుగా తెలుస్తుంది. డెస్క్ దగ్గర మొదలుపెట్టినవాడు దాన్ని సర్క్యులర్‌లో చదువుతాడు. సంక్షోభం వచ్చిన రాత్రి ఈ తేడా బయటపడుతుంది. మిమ్మల్ని ముందు ప్లాంటుకు వెళ్లమనడానికి పెద్ద కారణం ఇదే.

ఇక గెలాక్సీ గ్రానైట్. చీమకుర్తి గ్రానైట్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది! నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ఆ రకం రాయికి ప్రపంచంలో పేరున్న చోటు మనదే. రామతీర్థం, ఆర్.ఎల్.పురం క్వారీలకు చైనా కొనుగోలుదారులు వచ్చి, దిమ్మె మీద నీళ్లు పోయించి, గీత ఉందా, చుక్క సమంగా పడిందా అని చూసి, పెయింటుతో గుర్తు పెట్టి వెళ్తారు. ఆ దిమ్మెల్లో చాలా భాగం షియామెన్ రేవుకు, అక్కడి నుంచి పక్కనే ఉన్న షుయితౌ రాళ్ల మార్కెట్‌కు వెళ్తుంది. అక్కడ పలకలుగా కోసి, పాలిష్ పట్టి, మళ్లీ ప్రపంచమంతా అమ్ముతారు. షియామెన్‌లో ఏటా జరిగే రాళ్ల ప్రదర్శనకు మనవాళ్లు క్రమం తప్పకుండా వెళ్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇందులో నాకు గట్టి అభిప్రాయముంది, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. క్వారీ యజమానికి ముడి దిమ్మె అమ్మడం సుఖం: డబ్బు త్వరగా వస్తుంది, తలనొప్పి తక్కువ. పలకలు కోసే ఫ్యాక్టరీ వాడికేమో మంచి దిమ్మెలన్నీ చైనా పోతున్నాయని బాధ. ఒకే సంఘంలో ఇద్దరూ సభ్యులు, ఇద్దరూ చందా కడతారు. చైనా కొనుగోలుదారుణ్ణి పిలిచి సదస్సు పెడితే ఒకరికి పండగ, ఇంకొకరికి పోటీ. నా మటుకు నేను వీలున్న ప్రతి చోటా పలకల వైపే మొగ్గాను. దిమ్మె రేవు దాటాక దాని మీద మన జిల్లాలో ఒక్కరికీ పని మిగలదు. పలక అయితే కోత, పాలిష్, ప్యాకింగ్, లోడింగ్ అన్నీ ఇక్కడే. కొరియా, తైవాన్, గల్ఫ్ కొనుగోలుదారులకు పలకలు చూపించడానికి నేను ఎక్కువ శ్రమపడ్డాను, క్వారీ పెద్దలు కొందరు అలిగారు కూడా. కానీ 2021 తర్వాత చైనాలో ఇళ్ల నిర్మాణ రంగం కుదేలై దిమ్మెలకు గిరాకీ తగ్గినప్పుడు, నాలుగు దేశాలకు పలకలు పంపుతున్నవాళ్లకు మిగతావాళ్లంత దెబ్బ తగల్లేదు.

ఈ ఉద్యోగంలో మీరూ ఇలాంటి చోట నిలబడాల్సి వస్తుంది. అందరినీ సంతోషపెట్టాలని చూస్తే మీ మాటకు బరువు ఉండదు. ఎటు మొగ్గుతున్నారో, ఎందుకో ఇద్దరి ముందూ ఒకేలా చెప్పండి. అలిగినవాళ్లు కూడా కొన్నాళ్లకు మర్యాద ఇస్తారు.

పొగాకు గురించి క్లుప్తంగా చెప్తాను. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు వేలం కేంద్రాలు మీకు తెలిసినవే. అక్కడ బేలు ఎంత పలుకుతుందన్నది బ్రెజిల్, జింబాబ్వే పంటల మీద కూడా ఆధారపడుతుంది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, దక్షిణ కొరియా లాంటి ఆసియా దేశాలు మన ఆకు కొంటాయి. చైనా మాత్రం బ్లూ మోల్డ్ అనే తెగులు భయంతో చాలాకాలం తలుపు మూసింది. 2019 జనవరిలో రెండు దేశాలూ మొక్కల ఆరోగ్య ఒప్పందం మీద సంతకాలు చేస్తే గానీ దారి తెరుచుకోలేదు. సంతకం అయిన మర్నాడే కొనుగోలు మొదలవుతుందని మనవాళ్లు అనుకున్నారు. అలా జరగదు. ఒప్పందం తలుపు తీస్తుంది, లోపలికి వెళ్లి కూర్చోవాల్సింది మనమే. ఇంకో మాట, పొగాకు వాడకం తగ్గించాలని ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి, మనమూ అందులో ఉన్నాం. మీ తరం ఈ వృత్తిలో నడివయసుకు వచ్చేసరికి మన మెట్ట రైతుకు వేరే పంట, దానికి వేరే మార్కెట్ చూపించాల్సి ఉంటుంది. ఆ పని ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు కావాలి.

చిన్న సరుకుల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, నాకు బాగా ఇష్టమైనది కాబట్టి. ఉదయగిరి చెక్క గరిటెలు చూసే ఉంటారు. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చేసే చెంచాలు, ఫోర్కులు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒకసారి జపాన్‌లో వంటింటి సామాను అమ్మే దుకాణాల తరఫున ఒకావిడ వాటిని చూసి ముచ్చటపడింది. వేల సంఖ్యలో, అన్నీ ఒకే పొడవు, ఒకే రంగు, రెండు నెలల్లో కావాలంది. పక్కనున్న అధికారులు సరే అనమని సైగ చేశారు. నేను సరే అనలేదు. ఇవి ఇళ్లల్లో ఆడవాళ్లు చేత్తో చెక్కేవి, ఏ రెండూ ఒకేలా ఉండవు, అడవిలో కర్ర దొరికిన మేరకే పని సాగుతుంది అని ఉన్నదున్నట్టు చెప్పాను. తిండికి తగిలే పాత్రలకు కూడా జపాన్‌లో ఆహార భద్రతా చట్టం వర్తిస్తుంది కాబట్టి ముందు పరీక్ష చేయిద్దామని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, కొన్ని వందలు చాలు, ఒక్కొక్కటి వేరుగా ఉంటుందని చీటీ మీద రాసి అమ్ముకుంటానంది. అవి అమ్ముడయ్యాయి, తర్వాతి ఏడాది మళ్లీ రాసింది. అదే ఆ రోజు వేలకు ఒప్పుకుని ఉంటే చెక్కేవాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి, సగం సరుకు తిరస్కరణకు గురై, అప్పుల్లో పడేవాళ్లు. ఇలాంటి చిన్న పార్శిళ్లకు ఇప్పుడు పోస్టాఫీసుల్లోనే ఎగుమతి పార్శిళ్లు తీసుకునే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలున్నాయి. కంటైనర్ నిండాల్సిన పని లేదు. మన జిల్లాలో వీటిని వాడుకునేవాళ్లు ఇంకా రావాలి.

సముద్ర వ్యాపారం మనకు కొత్త కాదు తమ్ముడూ. ఒంగోలు నుంచి చీరాల వెళ్లే దారిలో చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన రాతి మీద చెక్కించి మరీ వర్తకులకు మాటిచ్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కోపోలో ఆ రేవు గురించి రాశాడు. ఎప్పుడైనా ఒక ఆదివారం వెళ్లి చూసి రండి. మన వృత్తివాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు. దూరదేశపు వర్తకుడికి కావాల్సింది అప్పుడూ ఇప్పుడూ ఒకటే, చెప్పిన సుంకమే తీసుకుంటారన్న భరోసా, చెప్పిన సరుకే వస్తుందన్న నమ్మకం.

ఎదుగుదల, జీతం అడిగారు. ఈ పని చేసే సంస్థలు నాలుగు రకాలు. ప్రభుత్వ బోర్డులు ఒకటి: సముద్ర ఉత్పత్తులకు కొచ్చి కేంద్రంగా 1972 నుంచి ఉన్న ఎంపెడా, గుంటూరులోని టొబాకో బోర్డు, పళ్లూ కూరగాయలకు అపెడా. వీటిలో పరీక్ష రాసి చేరాలి, భద్రత ఉంటుంది, కదలిక నెమ్మది. ఎగుమతి మండళ్లు రెండోవి: గ్రానైట్ చూసే క్యాపెక్సిల్, అన్ని రంగాల ఎగుమతిదారులకూ పెద్ద సంఘమైన ఫియో. మూడోవి ఛాంబర్లు, మీకు పిలుపు వచ్చింది ఇలాంటి దాంట్లోనే. జీతం మధ్యరకం, పరిచయాలు విస్తారం. నాలుగోవాటిని చాలామంది మర్చిపోతారు, అవి విదేశాల సొంత వాణిజ్య ప్రోత్సాహక సంస్థలు. జపాన్ జెట్రో, కొరియా కోట్రా, తైవాన్ తైత్రా, మూడింటికీ చెన్నైలో కార్యాలయాలున్నాయి, స్థానికులను తీసుకుంటాయి. వాళ్లు పనిచేసేది వాళ్ల దేశం కోసమే, అది గుర్తుంచుకోవాలి. అయినా అక్కడ నాలుగేళ్లు చేస్తే ఆ దేశపు కంపెనీ లోపల నిర్ణయం ఎలా తీసుకుంటుందో అర్థమవుతుంది. తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు లాంటి జపాన్ కంపెనీలు ఫ్యాక్టరీలు పెట్టాక, తెలుగు, తమిళం, జపాన్ పద్ధతులు తెలిసినవాళ్లకు మన పక్కనే ఉద్యోగాలున్నాయి.

డబ్బు ప్రధానమైతే ఎక్స్‌పోర్ట్ కంపెనీలోనే మార్కెటింగ్ వైపు ఎదగండి, అక్కడే ఎక్కువ సంపాదిస్తారు. అది తప్పేమీ కాదు. ఇటువైపు వచ్చేవాళ్లకు జీతం కంటే పదిమందికి దారి చూపించడం మీద ఇష్టముండాలి. లేకపోతే నాలుగో ఏట విసుగు పుడుతుంది.

విసుగు పుట్టించేవి చాలానే ఉన్నాయి. ప్రతినిధి బృందం అంటూ బయల్దేరిన వాళ్లలో సగంమంది మొదటి రోజు స్టాల్లో కూర్చుని, రెండో రోజు నుంచి షాపింగ్‌కు వెళ్లిపోతారు. అవగాహన ఒప్పందాలు పదుల్లో సంతకాలవుతాయి, పత్రికల్లో ఫొటో వస్తుంది, ఆర్నెల్ల తర్వాత ఆ పత్రం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. మీరు పెద్ద స్థానానికి వస్తే బృందాలను చిన్నవి చేయండి. వెళ్లే ప్రతి కంపెనీ సరుకును ముందే మీ కళ్లతో చూడండి. మార్కెట్లు వెతుక్కోవడానికి కేంద్రం ఇచ్చే సాయం ఇలాంటి ప్రదర్శనలకు ఉపయోగపడుతుంది, అది నిజంగా అమ్మాలనుకునే చిన్నవాడికి అందేలా చూడండి. కావలి, గూడూరు లాంటి ఊళ్ల నుంచి మొదటిసారి విదేశం వెళ్లే వ్యాపారి పక్కన కూర్చుని ధర ఎలా చెప్పాలో నేర్పిస్తే, ఆ మనిషి జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. నాకు మిగిలిన పెద్ద ఆస్తి ఆ మనుషులే.

చైనా భాష గురించి. నేర్చుకుంటే మంచిదే, కానీ దానికోసం రెండేళ్లు ఉద్యోగం మానుకోకండి. బేరానికి దుబాసీలు దొరుకుతారు. నిజంగా లాభం ఇచ్చేది జవాబిచ్చే అలవాటు. జపాన్ కొనుగోలుదారు ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతాడు. మనవాళ్లకు అది అనుమానంలా తోచి చిరాకు పడతారు. ఆయన తన ఆఫీసులో మూడు శాఖలకు లిఖితంగా సమాధానం చెప్పుకోవాలి, అందుకే అడుగుతాడు. మూడుసార్లూ అదే జవాబు, అదే రోజు రాయండి. తెలియకపోతే ఫలానా రోజుకు చెప్తానని రాసి, ఆ రోజుకు చెప్పండి. చైనా వాళ్లతో పని అంతా వీచాట్ యాప్‌లోనే నడుస్తుంది, ఆదివారం రాత్రి కూడా మెసేజ్ వస్తుంది. ఏది మాట్లాడుకున్నా చివరికి ధర, కొలత, గ్లేజింగ్ (రొయ్య మీద పట్టించే మంచు పొర) శాతం, చెల్లింపు షరతు అన్నీ ఒక ఈమెయిల్‌లో పెట్టి అవుననిపించుకోండి. ఒక భాష ఎంచుకోవాల్సి వస్తే నేను జపనీస్ అంటాను. శ్రీసిటీ పక్కనే ఉంది, పైగా జపాన్ వాళ్లు ఒకసారి నమ్మితే తేలిగ్గా వదలరు.

ప్లాంటులో చేరాక ఏం నేర్చుకోవాలో కూడా చెప్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం), బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) కళ్లు మూసుకుని చేయగలగాలి. ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) వస్తే దానిలో ప్రతి షరతునూ చదివి, మన కాగితాల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు ఎందుకు ఆపుతుందో అర్థం చేసుకోవాలి. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో ధ్రువీకరించే పత్రం) మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాలతో, కొరియాతో మన వాణిజ్య ఒప్పందాలు 2010 జనవరి నుంచి, జపాన్‌తో 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉన్నాయి. సుంకంలో రాయితీ ఉన్న సరుకుకు ఆ సర్టిఫికెట్ సరిగా వెళ్లకపోతే కొనేవాడికి రాయితీ దక్కదు, ఆ మేరకు మన ధర పెరిగినట్టే. చైనాతో అలాంటి పెద్ద ఒప్పందం లేదు, అందుకే అక్కడ బేరం వేరు. ఈసీజీసీ బీమా (కొనేవాడు డబ్బు చెల్లించకపోతే ఆదుకునేది) ఎప్పుడు తీసుకోవాలో, క్లెయిమ్ ఎలా చేయాలో పాత ఫైళ్లు తీసి చదవండి. రాత్రి షిఫ్టులో ఒకసారి కంటైనర్ లోడింగ్ చూడండి. మన కంటైనర్లు ఎక్కువగా చెన్నై వైపు రేవుల నుంచే పోతాయి కాబట్టి అక్కడి కస్టమ్స్ బ్రోకర్లతో పరిచయం పెంచుకోండి.

ఇంట్లో కూడా ఒక పని ఉంది. మీ నాన్నగారి గుంటల్లో సీడ్ (రొయ్య పిల్లలు) ఏ హ్యాచరీది, మేత ఏ బ్యాచ్‌ది, నీటికి ఏం వేశారు, ఎప్పుడు పట్టారు అన్నవి రోజూ ఒక పుస్తకంలో రాసే బాధ్యత మీరు తీసుకోండి. యాంటీబయాటిక్ మాటెత్తితే చాలు, కొనేవాడు ముందుగా అడిగేది ఆ పుస్తకమే. రేపు మీరు వంద మంది రైతులకు రాయమని చెప్పాల్సిన మాట, ముందు మీ గుంట గట్టు మీద అమలవ్వాలి.

చెన్నై సంస్థకు కాదని ఊరుకోకుండా మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: సరుకు దగ్గర కొన్నాళ్లు పనిచేసి వస్తాను, అప్పుడు అవకాశముంటే చెప్పండి అని. అలా రాసినవాళ్లను మేం గుర్తుపెట్టుకునేవాళ్లం. ప్లాంటు వాళ్లను మాత్రం చేరేముందే ఒకటి అడగండి. మొదటి కొన్ని నెలలు ప్రాసెసింగ్ హాలు, ల్యాబ్, కోల్డ్ స్టోరేజ్ మూడింటిలోనూ తిప్పుతారా అని. ఒప్పుకుంటే వెంటనే చేరిపోండి. ఒప్పుకోకుండా ఆఫీసులో కంప్యూటర్ ముందే కూర్చోబెడతామంటే, ఇక్కడ మళ్లీ రాయండి. నెల్లూరు, ఒంగోలు చుట్టూ అలా తిప్పి నేర్పించే ప్లాంట్ల గురించి నాకు తెలిసినంతవరకు చెప్తాను.